మాక్రోను ‘పిలుస్తామా’, ‘వాడతామా’?

సందేహం: అసెంబ్లీ (ప్రాసెసర్ సూచనలను నేరుగా రాసే భాష) ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘సబ్‌రొటీన్‌ను పిలుస్తాం’ అన్నట్టే ‘మాక్రోను పిలుస్తాం’ అనవచ్చా? మాక్రోకు తెలుగు మాట పెట్టాలా?

సమాధానం: సబ్‌రొటీన్ అంటే ఒకచోటే ఉండి, కావాల్సినప్పుడల్లా నడిపే కోడ్ భాగం; మాక్రో అంటే కొన్ని కోడ్ వరుసలకు పెట్టుకున్న పేరు. దానికి తెలుగు మాట అక్కర్లేదు. మాక్రోలు, మాక్రోను, మాక్రోతో అని విభక్తులు చక్కగా అతుకుతున్నాయి. చిక్కంతా క్రియతోనే.

‘పిలవడం’ ఇంగ్లిషు పుస్తకాల్లోనూ ఉంది కనుక తప్పనలేం. కానీ పిలుపు అనగానే రాకపోకలు గుర్తొస్తాయి. సబ్‌రొటీన్‌కు అవి ఉన్నాయి: ప్రోగ్రాం నడుస్తుండగా ‘కాల్’ అనే సూచన తిరుగు చిరునామాను స్టాక్‌లో (విలువలను తాత్కాలికంగా దాచే మెమరీలో) పెట్టి వెళ్తుంది, ‘రెట్’ అనే సూచన దాన్ని తీసుకుని వెనక్కి తెస్తుంది. మాక్రోకు అవేవీ లేవు. అసెంబ్లర్ (రాసినదాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాం) ఫైలు చదివేటప్పుడే మాక్రో పేరు తీసేసి, ఆ చోట దాని లోపలి వరుసలన్నీ దించేస్తుంది. వ్యాకరణంలో దీన్ని ఆదేశం అంటాం: ‘వాడు + కొట్టె’ కలిసి ‘వాడు గొట్టె’ అయ్యాక కకారం మిగలదు. (పాఠంలో మాత్రం ఈ మాట వాడకండి, ఇన్‌స్ట్రక్షన్ అనుకుంటారు.)

‘మాక్రోను వాడాం’, ‘మాక్రో విస్తరించింది’ అనండి. ‘మాక్రోలోకి వెళ్తుంది’ అసలే వద్దు. అది చదివిన విద్యార్థి మాక్రో చివర ‘రెట్’ పెడతాడు. ఆ ‘రెట్’ కూడా ప్రోగ్రాం మధ్యలోకి దిగిపోతుంది. స్టాక్ పైన ఏ విలువ ఉంటే దాన్నే చిరునామాగా తీసుకుని ఎక్కడికో దూకుతుంది.

‘ప్రతి వాడకానికీ ఒక నకలు’ అని కూడా రాయండి. 8086 ప్రాసెసర్‌లో 12 బైట్ల మాక్రోను 10 చోట్ల వాడితే 120 బైట్లు. అదే సబ్‌రొటీన్ అయితే 12, ‘రెట్’కు 1, దగ్గరి ‘కాల్’కు 3 చొప్పున 30, మొత్తం 43. మాక్రో లోపల లేబుల్ (కోడ్‌లో ఒక చోటుకు పెట్టిన పేరు) ఉంటే రెండో వాడకంలోనే ‘ఈ పేరు ముందే ఉంది’ అని అసెంబ్లర్ ఆగుతుంది. మాస్మ్ అనే అసెంబ్లర్‌లో మాక్రో శీర్షిక కిందే ‘లోకల్’ అని ఆ లేబుల్‌ను ప్రకటిస్తే, ఒక్కో నకలుకు ఒక్కో కొత్త పేరు తనే పెట్టుకుంటుంది. నాస్మ్ అనే అసెంబ్లర్‌లో లేబుల్ ముందు రెండు శాతం గుర్తులు చాలు.

‘పారామీటర్‌కు విలువ పంపాం’ అన్నదీ ఇలాంటిదే. పారామీటర్ అంటే మాక్రోను వాడేటప్పుడు మనం ఇచ్చేది చేరే పేరు. వెళ్లేది విలువ కాదు, రాసిన అక్షరాలు. మాక్రోలో ‘పారామీటర్ × 2’ అని ఉండి మీరు 3+1 ఇస్తే, అది 3+1×2గా మారి 8 బదులు 5 వస్తుంది. ‘పారామీటర్ స్థానంలో 3+1 చేరింది’ అని రాసి, నిర్వచనంలో పారామీటర్ చుట్టూ కుండలీకరణాలు పెట్టించండి.