పరేడ్ ప్రశ్నలు: ఎడమ కాలితో పాటు ఎడమ చెయ్యే లేస్తోంది!

ప్రశ్న: సార్, మాది గాజువాక. డిగ్రీ మొదటి సంవత్సరం, ఎన్‌సీసీలో చేరి నెల కూడా కాలేదు. పొడవుగా ఉన్నానని ఆగస్టు 15న చీఫ్ గెస్ట్‌కి ఇచ్చే గార్డ్ ఆఫ్ ఆనర్‌లో వేసేశారు. ‘తేజ్ చల్’ (క్విక్ మార్చ్) అనగానే ఎడమ కాలితో పాటు ఎడమ చెయ్యే పైకి వస్తోంది. ఎంత జాగ్రత్త పడితే అంత ఎక్కువవుతోంది. వెనకాల నవ్వుతున్నారు. డ్రిల్ నేర్పే ఉస్తాద్ గారు వారంలో సరిచేసుకోకపోతే తీసేస్తానన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: జాగ్రత్త పడుతున్నావు కాబట్టే వస్తోంది తమ్ముడూ. ఉదయం పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లేటప్పుడు ఏ కాలితో ఏ చెయ్యి ఊగుతోందని ఎప్పుడైనా చూసుకున్నావా? అక్కడ తప్పు రాదు. గ్రౌండ్‌లోకి రాగానే చేతిని మనం ఊపాలనుకుంటాం, అక్కడే చెడుతుంది. అందుకని రెండు రోజులు చేతుల సంగతి వదిలెయ్. పిడికిలి మూసి, బొటనవేలు ప్యాంటు కుట్టు మీద ఆనించి, చేతులు కదపకుండా కాళ్లతోనే నడువు. మూడో రోజు చేతులు వదులు, వాటంతట అవే సరైన వరసలో ఊగుతాయి. అప్పుడు మోచెయ్యి వంగకుండా ముందు చెయ్యి భుజం ఎత్తుకి వచ్చేలా కొంచెం కొంచెం పెంచుకో.

మేడ మీద ఖాళీ ఉంటే సుద్దముక్కతో 30 అంగుళాలకో గీత చొప్పున పది గీతలు గియ్యి, 25 అడుగులే కదా, ఏ మేడకైనా సరిపోతుంది. తేజ్ చల్‌లో అడుగు పొడవు అంతే. ఫోన్‌లో సమానంగా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 120కి పెట్టుకుని ఒక్కో దెబ్బకి ఒక్కో గీత మీద మడమ పడేలా నడువు. మొదట గీతలు దాటేస్తావు, పొడవాటి కుర్రాళ్లందరికీ అదే జబ్బు, తమ అడుగు చాలా పొట్టిదైపోయినట్టు అనిపిస్తుంది. అందుకే పొడవాటి వాళ్లని కుడి చివర పెడితే మిగతా వరస పరిగెత్తాల్సి వస్తుందని ఉస్తాద్‌లు తిడుతుంటారు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది, దాని గురించి నువ్వు అడగలేదు. ఆర్డర్‌లో రెండు ముక్కలుంటాయి. ‘పరేడ్...’ అని సాగదీసేది నిన్ను సిద్ధం చెయ్యడానికి, చివర గట్టిగా కొట్టే ‘సావధాన్’ (అటెన్షన్) కదలడానికి. కొత్తవాళ్లు మొదటి ముక్క వినగానే మిగతాది ఊహించేసి కదిలిపోతారు. ముందు కదిలినవాడే అందరికీ కనిపిస్తాడు, అర సెకను ఆలస్యమైనవాడు వరసలో కలిసిపోతాడు.

నాకెలా తెలుసంటే, నా మొదటి పరేడ్‌లో ‘పీఛే ముడ్’ (వెనక్కి తిరుగు) వస్తుందని ముందే తెలిసి, ఆ మాట పూర్తిగా పడకముందే తిరిగాను. పైగా ఎడమవైపు నుంచి తిరిగాను. పీఛే ముడ్ ఎప్పుడూ కుడివైపు నుంచే, కుడి మడమ, ఎడమ మునివేళ్ల మీద. సగం తిరిగేసరికి నా ఎడమ పక్కవాడు కుడివైపు నుంచి నాకెదురుగా వచ్చాడు, ఇద్దరి ముక్కులూ జానెడు దూరంలో ఆగాయి. వాడు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ రోజు గ్రౌండ్ చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టానో లెక్క లేదు.

ఇంకో మాట. మార్చ్ పాస్ట్‌లో ‘దాహినే దేఖ్’ (కుడివైపు చూడు) అనగానే అందరూ తల తిప్పుతారు కదా, కుడి చివర ఉండి వరసకి దారి చూపే దాహినా దర్శక్ మాత్రం తిప్పడు, నేరుగా ముందుకే చూస్తాడు. అతను కూడా తిప్పితే దారి తప్పుతుంది. నీ ఎత్తు చూస్తే ఆ స్థానం నీకే రావచ్చు, ఉస్తాద్ గారిని ముందే అడిగి పెట్టుకో.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఇంటర్. మాది మధురవాడ. రిహార్సల్‌లో అరగంట నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది. ‘నిలబడటమే కదా, అదేం కష్టం’ అని వాళ్ల నాన్న. మాన్పించమంటారా?

జవాబు: ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండమ్మా, రక్తం తక్కువగా ఉందేమో తెలుస్తుంది. అది బాగుంటే మాన్పించక్కర్లేదు. వాళ్ల నాన్నగారిని మీ మేడ మీద పదిహేను నిమిషాలు సావధాన్‌లో నిలబడమనండి, తెలుస్తుంది! గార్డ్‌లో నడక కంటే కదలకుండా ఉండటమే కష్టం. మోకాళ్లు బిగించి నిలబడితే కాళ్లలో రక్తం కిందే ఉండిపోతుంది, మెదడుకి తగ్గుతుంది, కళ్ల ముందు చీకటి. బయటికి కనపడకుండా మోకాళ్లు కాస్త వదులుగా ఉంచమనండి, బూటులో కాలివేళ్లు ముడవడం, విప్పడం, పిక్కలు బిగించి వదలడం చెయ్యమనండి. ఇది ఎవరికీ కనిపించదు. ఆగస్టులో మన విశాఖ ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి ఉదయం ఖాళీ కడుపుతో మాత్రం పంపొద్దు. రెండు ఇడ్లీలైనా, పైన మజ్జిగో నీళ్లో. బాగా తల తిరుగుతున్నట్టు అనిపిస్తే పరువు పోతుందని బిగబట్టకుండా అక్కడే మోకాలి మీద కూర్చోవాలి. సిమెంటు మీద ముఖం పడటం కంటే అది చాలా నయం.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో నేవీ వాళ్ల పరేడ్ చూశాను. వాళ్ల సెల్యూట్‌లో అరచెయ్యి కనిపించలేదు. మా కాలేజీలో అరచెయ్యి ముందుకు పెట్టమన్నారు. ఏది కరెక్టు?

జవాబు: రెండూ. ఆర్మీలో అరచెయ్యి ఎదుటివారికి కనిపించాలి, నేవీలో నేల వైపు ఉండాలి, ఎయిర్‌ఫోర్స్‌లో ఈ రెంటికీ మధ్యలో వాలుగా. తాళ్లకి తారు పూసే రోజుల్లో నావికుల చేతులు నల్లగా ఉండేవి కాబట్టి అధికారి ముందు అరచెయ్యి దాచారని చెబుతారు. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లోనే ఉండటంతో ఇక్కడి పిల్లలు చిన్నప్పటినుంచీ తెల్ల యూనిఫారాలు చూసి అలవాటుగా చెయ్యి కిందకి వంచేస్తారు. నీది ఆర్మీ వింగ్ అయితే అద్దం ముందు నిలబడి చూసుకో, అరచేతిలో గీతలు కనపడాలి.