చలి ప్రాంతంలో టమాటా, మిరప నారు ఎప్పుడు పోయాలి, ఎప్పుడు బయట నాటాలి?

మీరు అడిగింది ఇదీ: చివరి ఫ్రాస్ట్ (రాత్రి చలికి నేల మీద మంచు గడ్డకట్టి మొక్కను మాడ్చేయడం) మే మధ్యలో ఉండే చోట, ఏప్రిల్ నెలాఖరులో ఎండ బాగుందని నర్సరీ మొక్కలు తెచ్చి నాటారు. వారంలో టమాటా నల్లబడి వాలిపోయింది. గోడ పక్కన పెట్టిన మిరప బతికింది గానీ జులై దాకా అంగుళం ఎదగలేదు. ఈసారి ఇంట్లోనే విత్తనం వేసి నారు పెంచుకోవాలనుకుంటున్నారు.

రెండింటికీ వచ్చిన కష్టం ఒకటి కాదు. టమాటాను చంపింది ఒక్క రాత్రి ఫ్రాస్ట్. మిరపను గోడలో దాగిన వేడి ఆ రాత్రి కాపాడింది గానీ, నేల చల్లదనం దాన్ని కుంగదీసింది. వసంతంలో గాలి ఒక్క పూటలో వేడెక్కుతుంది, నేలకు వారాలు పడుతుంది. పది పన్నెండు డిగ్రీల (ఇక్కడ చెప్పేవన్నీ సెల్సియస్) మట్టిలో మిరప వేరు నీటినీ పోషకాలనూ సరిగా లాగలేదు. టమాటాలో ఇదే పరిస్థితి వస్తే ఆకు అడుగుభాగం ఊదారంగుకు తిరుగుతుంది, భాస్వరం అందడం లేదని దానర్థం. మట్టిలో భాస్వరం ఉన్నా వేరు అందుకోలేకపోవడమే దీనికి కారణం కాబట్టి ఎరువు వేస్తే ప్రయోజనం ఉండదు. మట్టి వేడెక్కాక దానంతట అదే సర్దుకుంటుంది. అలా కుంగిన మొక్క పక్కనే మూడు వారాలు ఆలస్యంగా నాటినదాన్ని పెట్టి చూడండి. చాలాసార్లు ఆలస్యంగా నాటిందే ముందు కాస్తుంది.

అందుకని ముందు ఒక మట్టి థర్మామీటర్ కొనండి. పది సెంటీమీటర్ల లోతున గుచ్చి, పొద్దున్నే, ఎండ మడి మీద పడకముందే చూడాలి. మధ్యాహ్నం చూసిన అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది. వరసగా నాలుగైదు రోజులు 15 దాటి, రాత్రి గాలి పదికి తగ్గకుండా ఉంటే టమాటా నాటవచ్చు. మిరపకు, వంకాయకు మట్టి 18, రాత్రి 12, 13 ఉండాలి.

చివరి ఫ్రాస్ట్ తేదీ గురించి కూడా ఒక మాట. ఎక్కువ పట్టికల్లో ఇచ్చేది సగటు తేదీ. అంటే దాదాపు సగం ఏళ్లలో ఆ తేదీ తరువాత కూడా ఫ్రాస్ట్ పడుతుంది. మే 15 అని ఉంటే ఆ రోజు నాటడం బొమ్మా బొరుసూ వేయడమే. దానికి పది రోజులు కలిపి టమాటా, మూడు వారాలు కలిపి మిరప అనుకోండి. అలాగే జోన్ నంబరు (చలి తీవ్రతను బట్టి ప్రాంతాలకు ఇచ్చే సంఖ్య) చూసి కూరగాయలు నాటకండి. ఆ నంబరు చెప్పేది చలికాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడిపోతుందనేది మాత్రమే. ఏళ్ల తరబడి నేలలో ఉండే చెట్లకు అది కావాలి. ఒక్క వేసవి బతికే టమాటాకు దానితో పని లేదు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెడదాం. టమాటా నారుకు ఆరు నుంచి ఏడు వారాలు చాలు. మే 25న నాటాలంటే ఏప్రిల్ మొదటి వారంలో విత్తనం వేయాలి. మిరప, వంకాయ నెమ్మదిగా ఎదుగుతాయి, ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది కాబట్టి మార్చి నెలాఖరు. దోస, సొర, బీర, గుమ్మడి మూడు వారాలు మించి కుండీలో ఉండకూడదు. వీటి వేరు కదిలితే మొక్క అలుగుతుంది, కాబట్టి మే రెండో వారంలో విడివిడి కుండీల్లో వేసి, మట్టి ముద్ద చెదరకుండా దించండి. పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు పీచు) కుండీ వాడితే దాని అంచు మట్టి పైకి కనపడకుండా చించేయండి. పైకి ఉన్న అంచు దీపం వత్తిలా నీళ్లను పీల్చి గాలికి వదిలేస్తుంది, వేరు ఎండిపోతుంది. తొందరపడి టమాటా ఫిబ్రవరిలో వేస్తే మే నెలకల్లా కిటికీ అంత మొక్క తయారై, కుండీలో వేళ్లు చుట్టలు చుట్టుకుని, పూత కూడా మొదలెట్టి ఉంటుంది. అలాంటిది బయట నిలదొక్కుకోవడం కష్టం.

విత్తనం వేసేది తోట మట్టిలో కాదు. అది ట్రేలో గట్టిపడిపోతుంది, తెగుళ్లు మోసుకొస్తుంది. కోకోపీట్ లేదా పీట్‌లో మూడో వంతు పెర్లైట్ (తెల్లటి, తేలికైన గుల్ల రాతి పలుకులు) కలిపిన మిశ్రమం తీసుకుని, ముందు గోరువెచ్చటి నీళ్లతో తడిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడిలో ట్రే నింపండి. విత్తనం అర సెంటీమీటర్ లోతు. పైన మూత. మిరప మొలవడానికి మట్టి 27 నుంచి 30 డిగ్రీలుంటే వారం పది రోజులు, 18 దగ్గర ఉంటే మూడు వారాలు, ఒక్కోసారి అసలు రాదు. హీట్ మ్యాట్ (ట్రే కింద పరిచే, కరెంటుతో వేడెక్కే చాప) డబ్బు దండగ కాదనేది ఈ ఒక్క పంటకే అంటాను. టమాటాకు మామూలు గది వెచ్చదనం సరిపోతుంది.

మొదటి మొలక కనపడగానే మూత తీసేయండి, మ్యాట్ ఆపేయండి, లైటు వేయండి. ఇక్కడ ఒక్క రోజు ఆలస్యం చేసినా కాడ సన్నగా సాగిపోతుంది. కిటికీ వెలుతురు మన కంటికి ఎక్కువగా కనిపిస్తుంది గానీ మార్చిలో అది నారుకు చాలదు. ట్యూబ్ లాంటి ఎల్‌ఈడీ లైటు అయితే ఆకుకు ఐదు నుంచి పది సెంటీమీటర్ల ఎత్తులో, రోజుకు 14 నుంచి 16 గంటలు. బలమైన గ్రో లైటు అయితే దాని మీద రాసిన దూరం పాటించండి. టైమర్ పెట్టుకోండి, మొక్కకు చీకటి కూడా కావాలి. మొలిచాక గది 18 నుంచి 21 ఉంటే చాలు. వేడి ఎక్కువ, వెలుతురు తక్కువ అయితే నారు పొడుగ్గా, నీరసంగా పెరుగుతుంది.

నారు చక్కగా నిలబడి ఉండి, తెల్లారేసరికి మొదలు దగ్గర నులిమినట్టయి పడిపోతే అది నారుకుళ్లు. పడిన మొక్క లేవదు, పక్కవాటిని కాపాడుకోవడమే. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండటం, గాలి ఆడకపోవడం, చల్లటి మిశ్రమం, కడగని పాత ట్రే, ఈ నాలుగూ కలిస్తే అది తప్పకుండా వస్తుంది. పాత ట్రేలను ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్లు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కడగండి. నీళ్లు పైనుంచి పోయకుండా అడుగు పళ్లెంలో పోసి, అరగంట తరువాత మిగిలినవి పారబోయండి. పైన ఎండినట్టు కనపడ్డాకే మళ్లీ పోయాలి. చిన్న ఫ్యాన్ మెల్లగా తిప్పితే మట్టి పైభాగం ఆరుతుంది, కాడలు కూడా గట్టిపడతాయి.

బీజదళాల (విత్తనంలోంచి మొదట వచ్చే రెండు ఆకుల) తరువాత అసలు ఆకుల జత విచ్చుకున్నప్పుడు పది సెంటీమీటర్ల కుండీల్లోకి మార్చండి. పట్టుకోవాల్సింది ఆకును, కాడను కాదు. ఆకు చిరిగితే ఇంకొకటి వస్తుంది, కాడ నలిగితే మొక్క పోయినట్టే. టమాటాను బీజదళాల దాకా పాతేయవచ్చు. ఎరువు అప్పటినుంచే, ద్రవరూపంలోది, డబ్బా మీద చెప్పిన మోతాదులో పావు వంతు, వారానికోసారి. ముందే వేస్తే ఆకు చివర్లు మాడతాయి.

నారు ఇంట్లో పెరుగుతుండగా బయట మడి ఖాళీగా ఉండక్కర్లేదు. బఠాణీ, పాలకూర, ముల్లంగి, లెట్యూస్, కొత్తిమీర చలిని తట్టుకునే రకాలు. మట్టి ఐదారు డిగ్రీలు దాటితే చాలు, చివరి ఫ్రాస్ట్‌కు నాలుగు నుంచి ఆరు వారాల ముందే నేరుగా వేసేయవచ్చు. క్యారెట్ కూడా వేయవచ్చు గానీ చల్లటి నేలలో అది మొలవడానికి రెండు మూడు వారాలు తీసుకుంటుంది, అన్నాళ్లూ పైపొర ఎండకూడదు. వరస మీద ఒక పలక పరిచి, రోజూ ఎత్తి చూస్తూ, మొలక కనపడగానే తీసేయడం తేలిక పద్ధతి. బంగాళాదుంపకు మట్టి ఏడు నుంచి పది డిగ్రీలు, పది సెంటీమీటర్ల లోతు. ఫ్రాస్ట్‌కు పై ఆకు మాడినా కింద కళ్ల నుంచి మళ్లీ లేస్తుంది.

మంచు కరిగిన తడి నేలలో పార వేయకండి, ఇది టమాటా తొందరకన్నా పెద్ద నష్టం. పిడికెడు మట్టి ఉండలా చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. చిట్లితే తవ్వవచ్చు. ముద్దలా నేలకు అతుక్కుంటే ఇంకొన్ని రోజులు ఆగండి. బంకమట్టిని తడిలో తవ్వినా తొక్కినా ఇటుక గడ్డలై, ఆ ఏడాదంతా వేరు దిగదు. ఆరాక మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన చివికిన కంపోస్ట్ పరిచి పైన 15 సెంటీమీటర్లలో కలిపితే చాలు. పచ్చి పేడ వసంతంలో వద్దు. 25, 30 సెంటీమీటర్ల ఎత్తు మడులు కట్టుకుంటే నీరు త్వరగా దిగి మట్టి ముందే వేడెక్కుతుంది, ఎండలో ఎండటం కూడా త్వరగానే. నాటడానికి రెండు మూడు వారాల ముందు మడి మీద నల్ల ప్లాస్టిక్ పరిచి, మట్టికి గట్టిగా ఆనేలా అంచులు పాతితే మరో రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయి. గడ్డి పరచడం మాత్రం జూన్ నెలాఖరు దాకా ఆపండి. గడ్డి చల్లదనాన్ని కూడా అంతే శ్రద్ధగా కాపాడుతుంది.

ఇక చాలామంది వదిలేసే పని, నారును బయటి గాలికి అలవాటు చేయడం. లైటు కింద పెరిగిన ఆకు ఎండను ఎరగదు. ఒక్క మధ్యాహ్నం నేరుగా పెడితే తెల్లటి మచ్చలు పడి కాగితంలా ఎండుతుంది. మొదటి రోజు నీడలో, గాలి తగలని చోట గంట. రోజూ గంటో రెండు గంటలో పెంచుతూ, మూడో రోజు నుంచి పొద్దుటెండ, వారం తరువాత పూర్తి ఎండ, చివరి రెండు రాత్రులు బయటే. మొత్తం పది రోజులు. నీళ్లు కొంచెం తగ్గించండి గానీ వాడనివ్వకండి. నర్సరీ మొక్క కూడా గాజింట్లోంచి వచ్చిందైతే ఇదే వర్తిస్తుంది. మిరపను పదికి తగ్గే రాత్రి లోపలికి తేవాల్సిందే.

నాటడం మబ్బు పట్టిన రోజున, లేదంటే సాయంత్రం. టమాటా కాడను మూడింట రెండొంతులు పాతండి, పాతిన కాడంతా వేళ్లు వేస్తుంది. నేల లోతున చల్లగా ఉంటుంది కాబట్టి నిట్టనిలువు గుంట కన్నా పది సెంటీమీటర్ల కాలవలో మొక్కను పడుకోబెట్టి తల పైకి వంచడం మేలు. మిరప, వంకాయ కుండీలో ఉన్న లోతులోనే. టమాటాకు 60 సెంటీమీటర్ల దూరం, మిరపకు 40, 45. వసంతంలో రాత్రిపూట కాడను మొదట్లో కొరికేసే పురుగు ఉంటుంది, పొద్దున్నే మొక్క కోసినట్టు పడి ఉంటుంది. అట్టముక్కను గొట్టంలా చుట్టి, మూడు సెంటీమీటర్లు మట్టిలోకి, ఐదు పైకి ఉండేలా కాడ చుట్టూ దించితే సరిపోతుంది.

నాటాక కూడా ఆకాశం నిర్మలంగా, గాలి స్తంభించిన రాత్రి వాతావరణ సూచనలో మూడు డిగ్రీలన్నా అనుమానించండి. ఆ అంకె మనిషి ఎత్తు గాలిది. నేల దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది, పల్లంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే చల్లగాలి నీళ్లలా పల్లానికి చేరుతుంది. పొద్దు వాలకముందే మట్టి తడిపి, పాత దుప్పటో రో కవరో (మొక్కల వరస మీద కప్పే తేలికపాటి గుడ్డ) నేల దాకా దిగేలా కప్పండి. మొక్క చుట్టూ కట్టేస్తే లాభం లేదు, కాపాడేది నేల నుంచి లేచే వేడి. సన్నని రో కవరు ఒకటి రెండు డిగ్రీలే ఆపుతుంది. ప్లాస్టిక్ వాడితే కర్రలు పాతి ఆకుకు తగలకుండా చూడండి, తగిలిన చోటల్లా మాడుతుంది. ఎండ రాగానే తీసేయాలి.

విత్తనం ఎంచుకునేటప్పుడు, ప్యాకెట్ మీది రోజుల సంఖ్య టమాటా, మిరపలకు నాటిన రోజు నుంచి లెక్క, విత్తిన రోజు నుంచి కాదు. చల్లటి వేసవిలో దానికి పది పదిహేను రోజులు కలపండి. సెప్టెంబరు 20కి ఫ్రాస్ట్ తిరిగొచ్చే చోట 60, 70 రోజుల టమాటా నిశ్చింతగా పండుతుంది, 90 రోజుల పెద్దకాయ రకం సగం పచ్చిగా మిగులుతుంది. బెండను మట్టి 20 దాటాకే వేయండి, విత్తనం రాత్రంతా నానబెట్టి. పాదు చిక్కుడులో పాత రకాలు పగటిపొద్దు తగ్గితే గాని పూత పట్టవు. మీ దగ్గర అవి పందిరి నిండా అల్లుకుని, పూత మొదలయ్యేసరికి ఫ్రాస్ట్ వచ్చేస్తుంది. పగటిపొద్దుతో నిమిత్తం లేకుండా పూసే పొట్టి రకం దొరికితే తీసుకోండి, లేకపోతే ఆ పందిరి బీరకు ఇవ్వండి.