పొదుగువాపుకి ఇంకా పవర్ ఉన్న ఇంజెక్షన్ ఉందా?

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చిత్తూరు వైపు. బెంగళూరు పక్కన ఆనేకల్ తాలూకాలో స్థిరపడ్డాం. ఆరు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి ఆవులున్నాయి. మూడో ఈత ఆవుకి వెనక కుడి చన్నులో పొదుగువాపు మళ్లీ మళ్లీ వస్తోంది. మెడికల్ షాపులో అడిగి సెఫ్ట్రియాక్సోన్ రెండు రోజులు, ఎన్రోఫ్లాక్సాసిన్ రెండు రోజులు వేశాను, ఆ తర్వాత జెంటామైసిన్ కూడా వేశాను. వేసినప్పుడు తగ్గుతుంది, కొన్నాళ్లకి మళ్లీ పాలలో గడ్డలు. ఆ చన్ను పాలు అమ్మను, దూడలకి పట్టిస్తాను. మిగతా మూడు చన్నుల పాలు మాత్రం పోస్తున్నాను. మా దగ్గర పాలు తీసుకునే హాస్టల్ మెస్ వాళ్లు పెరుగు సరిగ్గా తోడుకోవట్లేదంటున్నారు. ఈ మధ్య మా ఆవిడకి యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే కల్చర్ చేసి, మామూలు మాత్రలు పనిచేయవన్నారు. అది మా ఆవుల వల్లేనా అని టెన్షన్‌గా ఉంది. ఆవుకి ఇంకా పవర్ ఉన్న ఇంజెక్షన్ ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక పాడి రైతు, ఆనేకల్ తాలూకా

జవాబు: అన్నా, ఇంకో ఇంజెక్షన్ పేరు మాత్రం నేను చెప్పను. మీరు ఇప్పటికే వేసినవేమీ చిన్న మందులు కావు. సెఫ్ట్రియాక్సోన్ మనుషుల ఆసుపత్రుల్లో టైఫాయిడ్‌కి, న్యుమోనియాకి ఎక్కించే మందు. ఎన్రోఫ్లాక్సాసిన్ పశువు ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాత్రే. వీటిని దాటితే మిగిలేవి ఐసీయూ మందులు. వాటిలో ఒకటైన కోలిస్టిన్‌ని పశువులకీ కోళ్లకీ చేపలకీ వాడకూడదని, దాణాలో కూడా కలపకూడదని కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. కాబట్టి షాపులో 'కొత్త స్టాక్, గట్టిగా పనిచేస్తుంది' అని ఏది చూపించినా తీసుకోకండి. డాక్టర్ చీటీ లేకుండా వీటిని అమ్మడమే చట్టరీత్యా తప్పు.

తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోందంటే నా అనుమానం ముందు స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీదికి పోతుంది. అది పొదుగు కండలో చిన్న చిన్న గడ్డలు కట్టుకుని లోపల కూర్చుంటుంది, మందు అక్కడిదాకా సరిగ్గా చేరదు. రెండు రోజులకో మందు మారిస్తే బలహీనమైనవి చచ్చి మొండివి మిగులుతాయి. మీ పక్క పొలాల్లో క్యాబేజీ వేసేవాళ్లని అడగండి, డైమండ్ రెక్కల పురుగు మీద ఒకప్పుడు పనిచేసిన మందులు ఇప్పుడెందుకు పనిచేయడం లేదో వాళ్లే చెప్తారు. ఇక్కడ జరుగుతున్నదీ అదే. పైగా ఇందులో ఇంకో చిక్కుంది. మందుని తట్టుకునే జన్యువుని ఒక బ్యాక్టీరియా పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా ఇవ్వగలదు. పురుగులకి ఆ సౌకర్యం లేదు.

అందుకే ఏ మందు వేయాలో ఊహించకుండా పాలు పరీక్ష చేయించండి. బెంగళూరు హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, పశు ఆరోగ్య, పశువైద్య జైవిక ఉత్పత్తుల సంస్థ కూడా అక్కడే ఉంది. మీ ఊరి పశువైద్యుడితో చీటీ రాయించుకుని పంపండి. శాంపిల్ తీయడంలోనే సగం మంది పాడుచేస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మందు వేయకముందే పాలు తీయాలి. ఇప్పటికే వేసి ఉంటే ఎప్పుడు ఆపారో చీటీలో రాయించండి. పొదుగు కడిగి ఆరనివ్వండి. మొదటి మూడు నాలుగు ధారలు వేరే గిన్నెలోకి పితికేయండి. చన్ను కొనని స్పిరిట్ దూదితో తుడవండి, దూదికి మురికి అంటుతున్నంతసేపూ దూది మారుస్తూనే ఉండండి. స్టెరైల్ సీసాని నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని రెండు ధారలు పడితే చాలు. చన్ను సీసా అంచుకి తగలకూడదు, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు. వెంటనే ఐసులో పెట్టండి. ఆనేకల్ నుంచి హెబ్బాళ అంటే ఊరు ఆ చివరికి పోవాలి, దారిలో సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగుతారో దేవుడికే తెలియాలి.

ల్యాబ్‌లో ఆ పాలలోని బ్యాక్టీరియాని గాజు పళ్లెంలో పెంచి, దాని మీద రకరకాల మందు బిళ్లలు పెడతారు. పనిచేసే మందు చుట్టూ బ్యాక్టీరియా పెరగక ఖాళీ వలయం కనిపిస్తుంది. పనిచేయని బిళ్లని ఆనుకునే పెరిగిపోతుంది. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. మామూలు పెన్సిలిన్‌కే లొంగే రకం అయితే మీకు ఖర్చూ తక్కువే. అయితే ఆవుకి జ్వరం, మేత మానేయడం, పాలు నీళ్లలా రావడం, పొదుగు చల్లబడి నీలం తిరగడం – వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌ని పిలవండి.

ఇక మెస్ వాళ్ల గొడవ. వాళ్లు చెప్పేది నిజమై ఉండొచ్చు. పాలని పెరుగు చేసేది కూడా బ్యాక్టీరియానే, పాలలో మందు ఉంటే తోడు పనిచేయదు. మీరు ఆ ఒక్క చన్ను పాలే పక్కన పెడుతున్నారు. కండకి వేసిన ఇంజెక్షన్ రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది. కాచితే పోతుందనుకోకండి, కాచితే బ్యాక్టీరియా చస్తుంది కానీ మందు చాలావరకు అలాగే ఉంటుంది. పెన్సిలిన్ పడనివాళ్లకి ఆ కొంచెం కూడా దద్దుర్లు తెప్పించొచ్చు. చివరి ఇంజెక్షన్ తర్వాత పాలు ఎన్ని రోజులు ఆపాలో మందు లేబుల్ మీద ఉంటుంది. అలా నిర్ధారించి రాయని మందులకి కనీసం 7 రోజులు అని 2012 నుంచే రూల్ ఉంది. అన్ని రోజులూ ఈ ఆవు పాలు మొత్తం ఆపండి.

నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది మీరు మామూలుగా రాసేసిన ఒక్క మాట: ఆ పాలు దూడలకి పట్టిస్తున్నానన్నారు. పారబోయడానికి మనసొప్పక అందరూ చేసే పనే ఇది. కానీ ఆ పాలలో మందు కొద్దికొద్దిగా ఉంటుంది. దూడ కడుపులోని బ్యాక్టీరియాని చంపడానికి చాలదు, మందుని తట్టుకునే వాటిని ఏరి పెంచడానికి సరిగ్గా సరిపోతుంది. అలాంటి పాలు తాగిన దూడల పేడలో మందుకి లొంగని ఈ-కోలై (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) ఎక్కువగా బయటికొస్తుందని యూరప్ ఆహార భద్రత సంస్థ 2017లో తేల్చింది. మరి ఆ పేడ ఎక్కడికి పోతోంది? మీరు రాయలేదు. మీ వైపు చాలామంది కొట్టం కడిగిన నీళ్లని తిన్నగా ఆకుకూర మడులకి పారిస్తారు. కొత్తిమీర, పుదీనా పొద్దున్నే సిటీ మార్కెట్‌కి వెళ్తాయి, మధ్యాహ్నానికి ఎవరి పెరుగన్నంలోనో పచ్చిగానే పడతాయి. మీ కొట్టంలో మీరు వేసిన మందు ఫలితం బెంగళూరు జయనగర్‌లో కంచం దాకా పోవడానికి ఒక్క రోజు చాలు.

కాబట్టి మందు వేసిన ఆవు పాలని దూడలకి గానీ కుక్కకి గానీ పోయొద్దు. బావికీ మోరీకీ దూరంగా దిబ్బలో గుంట తీసి పోసి, పైన పేడ కప్పండి. పచ్చి పేడ, కడుగు నీళ్లు ఆకుకూరలకి పెట్టొద్దు. దిబ్బని తిరగవేస్తూ మాగనివ్వండి. మధ్యలోకి ఇనుప కడ్డీ గుచ్చి కాసేపు ఉంచి తీస్తే, పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. లోపల 55 డిగ్రీలు దాటి కనీసం మూడు రోజులు ఉంటే రోగాలు తెచ్చే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది.

మీ ఆవిడ విషయంలో మీ ఆవే కారణమని ఒక్క కేసుని చూసి ఎవరూ అనలేరు. జలుబుకి కూడా యాంటీబయాటిక్ మింగే అలవాటు మన ఊళ్లన్నిటా ఉంది, ఆ పాపంలో మనుషుల వాటా కూడా పెద్దదే. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని అంచనా. కాచిన పాలతో బ్యాక్టీరియా రాదు. పేడ ఎత్తిన చేతులతోనే వంటింట్లోకి వెళ్లడం, దూడల బకెట్టు ఇంటి కుళాయి దగ్గరే కడగడం – మీ ఇంట్లో ముందు ఇవి చూసుకోండి. ఆమెని చూస్తున్న డాక్టర్‌కి ఇంట్లో పశువులున్నాయని, ఏ మందులు వాడారో చెప్పండి, రాసిచ్చిన కోర్సు పూర్తిగా వాడించండి.

మిగతా ఐదు ఆవుల సంగతి. బట్టల సబ్బు పొడి 3 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, దానికి సమానంగా పాలు పోసి తిప్పండి. జిగటగా గంజిలా సాగితే లోపల వాపు మొదలైనట్టే. రెండు వారాలకోసారి చన్ను చన్నుకీ విడివిడిగా చూడండి. రోగమున్న ఆవుని ఆఖరున పితకండి. బొటనవేలు మడిచి లాగే అలవాటుంటే మానండి, దానితో చన్ను లోపల గాయమవుతుంది. పితకడం అయ్యాక చన్నులని పొవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచి, వెంటనే మేత వేయండి. మేస్తూ అరగంట నిలబడితే ఈలోపు చన్ను రంధ్రం మూసుకుంటుంది.

వాపు కనిపించిన మొదటి రోజే అయితే ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) ప్రచారం చేస్తున్న పట్టు వేసి చూడొచ్చు: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బాలి. పొదుగు కడిగి, పాలు పూర్తిగా తీసేసి, ఆ ముద్దని నీళ్లతో పలచన చేసి పొదుగంతా రోజుకి ఎనిమిది పది సార్లు, ఐదు రోజులు రాయాలి. దీని మీద యలహంకలోని టీడీయూ విశ్వవిద్యాలయంలో చాలా పని జరిగింది. చిట్కా అని తీసిపారేయకండి, అలాగని జ్వరంతో ఉన్న ఆవుకి దీనితోనే సరిపెట్టకండి.

రిపోర్టులో స్టాఫ్ ఆరియస్ అని వచ్చి, ఆ భాగం చేతికి గట్టిగా రాయిలా తగులుతుంటే దాన్ని ఇంక మందులతో తిప్పలు పెట్టొద్దు. డాక్టర్ పర్యవేక్షణలో ఆ ఒక్క భాగాన్ని ఎండగట్టించి మూడు చన్నులతో పాలు పిండుకోవచ్చు. మిగతా చన్నులకీ పాకితే ఆవుని మంద నుంచి తీసేయడమే మేలు. సంతకి తోలితే మాత్రం కొనేవాళ్లకి సంగతి చెప్పి అమ్మండి, లేకపోతే అదే ఆవు ఇంకో ఊళ్లో ఇంకో మెడికల్ షాపుకి దారి చూపిస్తుంది.