రెండేళ్లు నిండలేదని హక్కులే లేవా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్‌గా తొమ్మిది నెలలు పనిచేశాను. నా వీసాకు స్పాన్సర్ కూడా ఆ కంపెనీయే. ఒక క్లయింటు ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగే సమయానికి డబ్బులు ఇవ్వడం లేదని, అది కలిపి లెక్కేస్తే కనీస వేతనం కూడా పడడం లేదని మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. పది రోజులకే ‘ప్రొబేషన్‌లో మీ పని సంతృప్తికరంగా లేదు’ అని అప్పటికప్పుడే తీసేశారు. రెండేళ్ల సర్వీసు లేకుండా కేసు వేయలేవని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ తోటివాళ్లు చెప్పింది సగమే నిజం. మామూలు అన్యాయపు తొలగింపు కేసుకు 1996 ఉద్యోగ హక్కుల చట్టం రెండేళ్ల సర్వీసు అడుగుతుంది. 2025లో వచ్చిన కొత్త చట్టంతో 2027 జనవరి 1 నుంచి ఆ గడువు ఆరు నెలలకు తగ్గుతుంది. మీ ఉద్యోగం అంతకుముందే పోయింది కాబట్టి ఆ మార్పు మీకు పనికిరాదు.

కానీ కొన్ని కారణాలతో తీసేస్తే సర్వీసు ఎంతన్నది ఎవరూ అడగరు. గర్భిణి అని తీసేయడం, కంపెనీ తప్పును బయటపెట్టారని తీసేయడం, చట్టం ఇచ్చిన హక్కు అడిగారని తీసేయడం అలాంటివి. కనీస వేతనం అడిగినందుకు తీసేయడం కూడా ఇందులోకే వస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఈ రక్షణ ఉంటుంది. ప్రొబేషన్ అన్న మాట దీన్ని ఆపలేదు.

మీ లెక్క కూడా సరైన దారిలోనే ఉంది. ఒక క్లయింటు ఇంటి నుంచి ఇంకో క్లయింటు ఇంటికి వెళ్లే సమయం కనీస వేతనం లెక్కలో పని సమయమే. ఉదయం మీ ఇంటి నుంచి మొదటి క్లయింటు దగ్గరికి, రాత్రి చివరి క్లయింటు దగ్గర నుంచి ఇంటికి వచ్చే సమయం మాత్రం రాదు. ఎనిమిది గంటల విజిట్లు, వాటి మధ్య రెండు గంటల ప్రయాణం ఉంటే, ఇచ్చిన డబ్బును ఎనిమిదితో కాదు, పదితో భాగించాలి. నెల జీతమైతే నెల మొత్తం మీద ఇలాగే చూడాలి. ఒకవేళ మీ లెక్క కాస్త తప్పినా భయపడకండి. నిజాయితీగా నమ్మి అడిగి ఉంటే చాలు, రక్షణ పోదు.

కష్టమంతా రుజువు దగ్గరే. రెండేళ్లు నిండలేదు కనుక, తీసేసిన అసలు కారణం మీ మెయిలే అని మీరే చూపించాలి. పది రోజుల తేడా బలమైన సూచనే, కానీ అదొక్కటే సరిపోకపోవచ్చు. ఆ మెయిల్‌కు ముందు మీ పని మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా? సూపర్‌విజన్ మీటింగుల్లో ఏం రాశారు? మేనేజర్ వాట్సాప్‌లో మెచ్చుకున్న మెసేజ్ ఒక్కటున్నా దాచుకోండి. పేస్లిప్‌లు, రోటాలు (డ్యూటీ పట్టికలు) భద్రం చేయండి. రోటాల్లో క్లయింట్ల పేర్లు, చిరునామాలు ఉంటాయి కాబట్టి అవి బయటకు పొక్కకుండా చూసుకోండి. మీ గురించి కంపెనీ దగ్గరున్న రికార్డులన్నీ ఇవ్వమని డేటా రక్షణ చట్టం కింద రాసి అడగండి. మామూలుగా నెలలోపు, ఉచితంగా ఇవ్వాలి. కేసును తేల్చే కాగితం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తొలగింపు సంగతి ఎలా ఉన్నా, కొన్ని డబ్బులు మీకు రావాల్సిందే. నెల దాటి పనిచేశారు కాబట్టి కనీసం వారం నోటీసు జీతం, వాడుకోని సెలవుల డబ్బు, తక్కువ ఇచ్చిన కనీస వేతనం. వీటిని కూడా అదే కేసులో కలపండి.

వీసా టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఉద్యోగం పోయిన సంగతి కంపెనీ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు చెబుతుంది. అక్కడి నుంచి లెటర్ వచ్చాక, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు దొరుకుతాయి. కేసు వేయడం వీసా నిబంధనలకు విరుద్ధం కాదు, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చినా కేసు దానంతటది రద్దు కాదు. ఈలోగా ఉద్యోగాల కోసం పెట్టిన అప్లికేషన్లన్నీ దాచండి. పరిహారం లెక్కకట్టేటప్పుడు అవి అడుగుతారు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థకు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వడం. అది లేకుండా ఉద్యోగ కేసులు విచారించే ట్రిబ్యునల్ మీ కేసు తీసుకోదు. రెండింటికీ ఫీజు లేదు. గడువు మాత్రం చాలా చిన్నది: ఉద్యోగం చివరి రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని పెంచే మార్పు గురించి విన్నా, దాని మీద ఆధారపడకండి. కంపెనీలోనే అప్పీలు పెట్టి జవాబు కోసం కూర్చున్నా ఈ గడువు ఆగదు. అప్పీలు పెట్టండి, అదే వారంలో ఏకాస్‌కూ చెప్పండి. అక్కడ రాజీ మాట వస్తే ఫోన్‌లో తొందరపడి ‘సరే’ అనకండి, సంతకం పెట్టకపోయినా ఆ మాటకే కట్టుబడాల్సి వస్తుంది. డబ్బుతో పాటు మంచి రిఫరెన్స్ ఇస్తామని కూడా రాతపూర్వకంగా అడగండి.