కాలిన గాయానికి ఇప్పుడే డబ్బిస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

పనిలో వేడి నూనె పడి చెయ్యి, ఛాతీ బాగా కాలాయి, కంపెనీవాళ్లు కొంత ఇచ్చి సంతకం అడుగుతున్నారు, అంతేగా?

ఇప్పుడే పెట్టకండి. అసలు ఖర్చు డిశ్చార్జ్ రోజున తేలదు. మచ్చ కుదురుకోవడానికే ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది, ఈలోగా చర్మం బిగుసుకుపోయి మోచెయ్యి చాపలేకపోతే మళ్లీ ఆపరేషను, ఫిజియోథెరపీ, మచ్చ ఉబ్బకుండా వేసుకునే బిగుతు తొడుగులు. "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టారంటే ఇవన్నీ సాధారణంగా మీ జేబులోంచే పోతాయి.

అలాగని నాన్చకండి, కేసు వేయడానికి గడువుంటుంది, లాయర్‌ని ఈ వారమే కలవండి.

కాలిన బట్టలు ఉతకొద్దు, పారేయొద్దు. గాయాన్ని వారం వారం తేదీతో ఫొటో తీయండి, మానాక మొదట్లో ఎలా ఉందో మాటల్లో చెప్తే నమ్మేవాళ్లు తక్కువ. ఒంట్లో ఎంత శాతం, ఎంత లోతున కాలిందో రిపోర్టులో ఉందా చూసుకోండి (వేళ్లతో సహా మీ అరచెయ్యి సుమారు 1 శాతం). పోయిన జీతమే కాదు, కేసును బట్టి నొప్పి, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం కూడా లెక్కలోకి రావచ్చు, డాక్టర్‌కి చెప్పి రాయించండి.

మీ పొరపాటు కొంత ఉన్నా చాలాచోట్ల పరిహారం తగ్గితే తగ్గొచ్చు గానీ మొత్తం పోదు.