ఒక్క తిప్పుకు ఒక్క విభాగం

ప్రశ్న: మౌస్ చక్రం ఒకసారి తిప్పితే వెబ్‌సైట్‌లో ఒక పూర్తి విభాగమే కదిలేలా, లైబ్రరీలు లేకుండా జావాస్క్రిప్ట్‌లో రాశాను. కానీ రెండు మూడు విభాగాలు దాటిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: ఒక్క కదలికకే, ముఖ్యంగా టచ్‌ప్యాడ్ మీద, బ్రౌజర్ ‘వీల్’ ఈవెంట్‌ను (చక్రం తిరిగిందని తెలిపే సంకేతాన్ని) వరుసగా అనేకసార్లు పంపుతుంది కాబట్టి, మొదటిది అందగానే ‘కదులుతోంది’ అని ఒక వేరియబుల్‌లో గుర్తుపెట్టి, యానిమేషన్ ముగిసి ఆ ఈవెంట్లు కాసేపు ఆగేవరకు తక్కినవాటిని వదిలేయాలి. సహజ స్క్రోలింగ్‌ను ఆపడానికి ‘ప్రివెంట్‌డీఫాల్ట్’ వాడుతున్నట్లయితే లిజనర్‌కు (ఆ ఈవెంట్‌ను అందుకునే ఫంక్షన్‌కు) ‘పాసివ్: ఫాల్స్’ అనే ఆప్షన్ తప్పక ఇవ్వండి, ఎందుకంటే 2019లో వచ్చిన క్రోమ్ 73 నుంచి, విండో మీద పెట్టిన వీల్ లిజనర్లలో అది లేకపోతే ఆ ఆదేశం పనిచేయదు. కీబోర్డుతో చదివేవారిని దయచేసి మరవకండి. విభాగం ఎత్తు తెరను మించేటట్లయితే ఈ పద్ధతే వద్దంటాను, ఎందుకంటే అడుగుభాగం పాఠకుడికి అందకుండా పోతుంది. చాలా సైట్లకు సీఎస్ఎస్‌లోని (పేజీ రూపాన్ని నిర్దేశించే భాషలోని) ‘స్క్రోల్-స్నాప్-టైప్’, విభాగాలకు ‘స్క్రోల్-స్నాప్-అలైన్’ ఇస్తే సరిపోతుంది. ముందు వాటిని ప్రయత్నించండి.