వట్టి ఎముక కనబడితే

సింధూ,

నడినెత్తిన అరచేయంత క్యాన్సర్ గడ్డ ఉన్న పెద్దాయనకి వచ్చే వారం నువ్వే ఆపరేషన్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన పిల్లవి, నీకు కుట్లు వెయ్యడం నేర్పక్కర్లేదు. అంచుల్లో క్యాన్సర్ లేదని పెథాలజీ వాళ్లు చెప్పేదాకా మూసే తొందర పెట్టుకోకు, అంతే.

నా భయమంతా ఎముక మీది పొర గురించే. ఆ పొర, అదే పెరిక్రేనియం, మిగిలితే తొడ చర్మం పల్చగా తీసి గ్రాఫ్ట్‌గా అతికించినా పట్టుకుంటుంది. అది కూడా గడ్డతో పోతే గ్రాఫ్ట్‌కి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో మా పెద్ద సారు ఇలాంటి కేసే చేశారు. "ఈ వయసులో అంత పెద్ద ఆపరేషన్ ఎందుకమ్మా" అని ఎముకనే పైపైన బర్ అనే తిరిగే పరికరంతో గీకించారు. నెత్తురు చెమర్చి, ఎర్రటి కండ పెరిగాక గ్రాఫ్ట్ వేశారు. పట్టింది కూడా. అందరం మెచ్చుకున్నాం. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. చర్మం నిగనిగలాడి, పల్చబడి, రూపాయి బిళ్లంత మేర విచ్చుకుంది. అడుగున ఎముక పసుపుపచ్చగా ఎండిపోయి ఉంది. కట్టు మార్చినప్పుడల్లా వాసన. "మందు మార్చండమ్మా" అని ఆ రోగి భార్య నన్ను బతిమాలేది. మందుతో తీరేదా అది? చివరికి చచ్చిన ఎముక తీసేసి వీపు కండ తెచ్చి కప్పక తప్పలేదు. ముందే చెయ్యాల్సిన ఆపరేషన్ మనిషి నీరసించాక, రేడియేషన్ తిన్న రక్తనాళాలతో చేశారు.

అందుకే రేడియేషన్ ఉంటుందా అని ఆంకాలజిస్టుని ఇప్పుడే అడుగు. ఉంటే మందమైన ఫ్లాపే వెయ్యి, అంటే రక్తనాళాలతో సహా తెచ్చి కప్పే కండో చర్మమో. వీపు కండ లాటిసిమస్ వెడల్పుగా పరుచుకుంటుంది, కానీ మనిషిని పక్కకి తిప్పాలి, పైన మళ్లీ గ్రాఫ్ట్ వెయ్యాలి. తొడ ఫ్లాప్‌కి ఆ తిప్పలు లేవు. ఫ్లాప్ రక్తనాళాన్ని కలపడానికి చెవి ముందు సిర మరీ సన్నగా ఉంటే మొండికెయ్యకు, మెడలో సిర చూసుకో. పక్క చర్మం తిప్పి సర్దేద్దామనుకోకు. తల చర్మం, అడుగునున్న గట్టి పొర గేలియాని గీసినా, అంత సాగదు. చర్మం కింద బుడగలా పెట్టి మెల్లగా ఉబ్బించే ఎక్స్‌పాండర్‌తో జుట్టున్న చర్మమే వస్తుంది, నిజమే. కానీ నెలలు పడుతుంది. పాత కాలిన మచ్చలకైతే సరే, క్యాన్సర్ అన్నాళ్లు ఆగదు.

ఫ్లాప్ వేసిన చోట ఎత్తుగా, జుట్టు లేకుండా ఉంటుందని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పు. తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

మొదటి 48 గంటలు గంటగంటకీ చూడాలి. ఫ్లాప్ నీలంగా మారి, నొక్కి వదిలితే చటుక్కున రంగు తిరిగితే సిర మూసుకున్నట్టు. పాలిపోయి చల్లబడితే ధమని. ఏదైనా సరే, తెల్లారనీ అనకు, అప్పుడే తిరిగి థియేటర్‌కి తీసుకెళ్లు.

ఆ రెండు రాత్రులూ కాఫీతో గడిపెయ్యకు తల్లీ. విల్లివాక్కం నుంచి పెరుగన్నం పంపిస్తాను. గిన్నె మాత్రం తిరిగి పంపు, పోయినసారిది ఇంకా రాలేదు.

మీ పెద్దమ్మ